సూదంటురాయికి అంటనిది

మొన్న నంద్యాలలో స్టీలు సామాన్ల కొట్టుకు పోయాను. పప్పు వండుకోవడానికి గిన్నె ఒకటి కావాలి. నేనేమీ అడగకముందే కొట్టు ఆసామి బల్ల కింది నుంచి చిన్న అయస్కాంతం తీసి, గిన్నె పక్కకు ఆనించి వదిలేశాడు. అది జారి బల్ల మీద పడింది.

"పట్టల్యా, చూస్తివి గదమ్మా. అసలైన స్టీలు. కండ్లు మూసుకోని తీసుకపో" అన్నాడు.

ఆ మాటతో గిన్నె కొనాలన్న కోరికే పోయింది. మళ్ళీ వస్తానని చెప్పి బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. మా బడి సైన్సు సారు పోయి ఏడాది దాటింది. బతికుండి నా పక్కన నిలబడి ఉంటే ఆ కొట్టు ఆసామిని అంత తేలిగ్గా వదిలేవాడు కాదు. "పట్టలేదంటే ఏం తెలిసిందప్పా నీకు?" అని మెల్లగా అడిగి, జవాబు వచ్చేదాకా కదలకుండా నిలబడి, నన్నూ ఎండలో నిలబెట్టి ఉండేవాడు. నేను విసుక్కుంటూ ఉండేదాన్ని.

ఆళ్ళగడ్డలో నేను తెలుగు చెప్పిన బడిలోనే ఆయన సైన్సు చెప్పేవాడు. పేరు ఉంది గానీ ఊళ్ళో దానితో ఎవరికీ పనిపడలేదు. అందరికీ ఆయన సూదంటురాయి సారు. చర్చిలో పాడైపోయిన లౌడుస్పీకరు నుంచి ఊడదీసిన గుండ్రటి అయస్కాంతం ఒకటి ఎప్పుడూ ఆయన చొక్కా జేబులో ఉండేది. దాని బరువుకు చొక్కా ఎడమవైపు జారి, మనిషే ఒక పక్కకు ఒరిగినట్టు కనిపించేవాడు. గుండుసూదులు, బ్లేడు ముక్కలు, ఇనుప రజను, ఇంత చెత్త దానికి అంటుకొని ఇల్లు చేరేది. సాయంత్రం పూట ఆయన భార్య అరుగు మీద కూర్చొని, బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఆ జేబు దులిపి ఏరుతుండేది. ఆ రాయి పుణ్యమా అని ఆయన చేతి గడియారం ఏనాడూ సరైన టైము చూపించలేదు. బడి గంట కొట్టించే పని ఆయనదే. మా బడి పిల్లలు ఆలస్యంగా ఇల్లు చేరడానికి కారణం ఆ గడియారమని ఊళ్ళో ఎంతమందికి తెలుసో నాకు తెలియదు.

ఏ వస్తువు కనబడినా ముందు తల కొంచెం పక్కకు వంచి చూసేవాడు. తర్వాత రాయిని దాని దగ్గరికి చాలా నెమ్మదిగా తీసుకుపోయేవాడు, పిల్లిని మచ్చిక చేసుకునేవాడిలాగా. బస్సు కడ్డీ, బావి గిలక, పాస్టరుగారి కుర్చీ కాళ్ళు, మా ఇంటి తలుపు గొళ్ళెం, ఏదీ వదల్లేదు. చుట్టుపక్కల ఎవరున్నా లేకపోయినా "పట్టిందా?" అని అడిగేవాడు. ఎవరూ లేకపోతే ఆయనే "పట్టలే" అని జవాబు చెప్పుకునేవాడు.

ఆయన తరగతి నా తరగతి పక్కనే. మధ్యలో తడిక. నేను ఒక పద్యం ఎత్తుకొని రాగం తీస్తున్నప్పుడే తడిక అవతల "పట్టిందా?" అని ఆయన గొంతు, "పట్టింది సార్" అని పిల్లల కేక. మళ్ళీ "పట్టిందా?", "పట్టలే సార్". ఇనుప మేకు పట్టింది, రాగి తీగ పట్టలేదు, ఇత్తడి మూత పట్టలేదు, సోల్డరు ముక్క పట్టలేదు. నా పిల్లలు పద్యం వదిలేసి అటు చెవులు పెట్టేవాళ్ళు. ఒకసారి కోపం వచ్చి తడిక మీద బెత్తంతో కొట్టాను. విరామంలో వచ్చి, తప్పయిందని చెప్పి, పోతూ పోతూ నా బెత్తానికి కూడా రాయి ఆనించి చూసి పోయాడు.

సోల్డరంటే ఆయనకు ప్రత్యేకమైన ప్రేమ. బడి రేడియో, చర్చి మైకు సెట్టు, రెండూ ఆయన చేతి చలవతోనే బతికేవి. బొగ్గుల మీద కడ్డీ కాల్చి, తీగ మీద పేస్టు రాసి, సోల్డరు తాకించేవాడు. అది నీళ్ళ బొట్టులాగా మెరిసి, చూస్తుండగానే గట్టిపడేది. అందులో ఉన్నది తగరం కొంత, సీసం కొంత, అంతే. "రెండూ దేనికది మొండిదే టీచరమ్మా. కలిపితే మాత్రం దేనికదిగా కరిగే దానికన్నా ముందే కరిగిపోతాయి" అని చెప్పి మురిసిపోయేవాడు. ఆలుమగల గురించి చెబుతున్నారా సారూ అని నేను ఎగతాళి చేస్తే ఆయన భార్య లోపలి నుంచి నవ్వేది. ఆ రోజుల్లో ఆమె గట్టిగా నవ్వేది.

ఆయనకు ఊరంతా పేరు తెచ్చింది ఆళ్ళగడ్డ సంత. ఎవడో దూరపు వర్తకుడు ఇత్తడి బిందెలని చెప్పి అమ్ముతున్నాడు. పసుపుగా ధగధగలాడుతున్నాయి. ఆడవాళ్ళు ఎగబడుతున్నారు. మా సారు అటుగా పోతూ, అలవాటుగా, ఒక బిందెకు రాయి ఆనించాడు. పట్టుకుంది. లాగితే రాలేదు. పైన ఇత్తడి పూత, లోపల ఇనుము. కాసేపట్లో సంతంతా గుమిగూడింది, వర్తకుడు మూట కట్టుకొని మాయమయ్యాడు. ఆ రోజు నుంచి ఊళ్ళో ఏ లోహపు వస్తువు కొన్నా ముందు సారు ఇంటికి పోవలసిందే. పక్కన రుద్రవరం నుంచి కూడా బండ్లు కట్టుకొని వచ్చేవాళ్ళు. ఆయన విసుక్కోకుండా అందరికీ చూసిపెట్టేవాడు. లోపల గర్వం కూడా ఉండేదనుకుంటాను. మనిషన్నాక ఉండదా?

అందరికన్నా ఎక్కువ నమ్మింది మా వీధి చివరి పెద్ద ఇంటి అవ్వ. తరతరాలుగా భూములున్న కుటుంబం. ఆమె నోటి మాటకు వీధిలో తిరుగు లేదు. సంతలో ఆ బిందె కొనబోయి తప్పించుకున్నది ఆమే. "మా అయ్యోరి రాయి అబద్ధం చెప్పదు" అని బావి దగ్గర, గుడి దగ్గర, పెళ్ళిళ్ళలో చెప్పుకొచ్చేది.

కొత్త చింతపండు వచ్చే కాలంలో పాణ్యం వైపు నుంచి ఒక ముసలాయన వచ్చేవాడు. చర్చి ప్రహరీ నీడన కొలిమి పెట్టుకొని, కారే బిందెలకు మాట్లు వేసేవాడు, ఇత్తడి గిన్నెలకు కళాయి పోసేవాడు. కళాయి లేని ఇత్తడిలో పులుసు కాస్తే కిలుము పడుతుందని అందరికీ తెలుసు. అందుకని ఏటా గిన్నె లోపల తగరం పూత పోయించుకోవాలి. కాలిన గిన్నెలో చల్లే నవాసాగరం పొగ వీధంతా కమ్ముకునేది. ఆడవాళ్ళు గిన్నెలు తెచ్చి వరసగా పెట్టేవాళ్ళు గానీ, వెంటనే ముసలాయన చేతికి ఇచ్చేవాళ్ళు కాదు. ముందు ఆయన పూత పోసే తగరం కడ్డీ తీసుకొని సారు దగ్గరికి నడిచేవాళ్ళు. అది మా వీధి ఆచారమైపోయింది. ముసలాయన కూడా దానికి అలవాటుపడి, కొలిమి రాజేస్తూ కూర్చునేవాడు.

సారు తల వంచి, రాయి ఆనించేవాడు. వెనక ఆడవాళ్ళంతా ఊపిరి బిగబట్టేవాళ్ళు. కడ్డీ కదిలేది కాదు. "పట్టలే. మంచిదే, పోయించుకోండమ్మా" అనేవాడు. గుర్తుగా చిన్న ముక్క కోసుకొని బల్ల సొరుగులో పడేసుకునేవాడు. నా గిన్నె కూడా ఆ వరసలో ఉండేది. వరసలో అందరికన్నా ముందు ఆయన భార్య గిన్నె ఉండేది.

తర్వాత ఆమె నవ్వు తగ్గింది. ముందు కడుపునొప్పి అన్నది. మెలిపెట్టినట్టు వచ్చి, పోయి, మళ్ళీ వచ్చేది. అన్నం సయించేది కాదు. మొహం సున్నం కొట్టిన గోడలా తెల్లబడింది. రెండుసార్లు నెల తప్పి, రెండుసార్లూ నిలవలేదు. చర్చిలో ఆమె కోసం ప్రార్థనలు చేశారు. పెద్ద ఇంటి అవ్వ తన ఇలవేల్పుకు మొక్కుకున్నది. నేను కషాయాలు కాచి ఇచ్చాను. ఆ కషాయం కాచింది కూడా కళాయి గిన్నెలోనే.

చివరికి నంద్యాలలో పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. ఆ డాక్టరు చాలాసేపు చూసి, ఆమె పై పెదవి ఎత్తి, పళ్ళ మొదట్లో చిగుళ్ళ మీద సన్నటి నల్లటి గీత చూపించాడట. ప్రెస్సులో అచ్చు పేర్చే పని చేస్తావా అని అడిగాడట. రంగులు వేస్తావా అని అడిగాడట. ఇంట్లోనే ఉంటానంటే, ఏ గిన్నెల్లో వండుతావని అడిగాడట. కళాయి గిన్నెలని ఆమె చెప్పింది. ఒంట్లో సీసం చేరిందన్నాడు డాక్టరు. పూతలో సీసం కలిస్తే, చింతపండు పులుసు దాన్ని కరిగించి కడుపులోకి పంపుతుందన్నాడు. అప్పుడు మా సారు, పాపం, జేబులోంచి రాయి తీసి డాక్టరుకు చూపించి, ప్రతి ఏడూ తాను పరీక్ష చేశానని చెప్పాడట. డాక్టరు ఆ రాయిని చూశాడు, సారును చూశాడు, మందుల చీటీ రాయడం మొదలుపెట్టాడు. కడుపు నిలవకపోవడానికి కారణం కూడా ఇదేనా అని సారు అడిగితే, కావచ్చు, కాకపోవచ్చు, ఎవరూ తేల్చి చెప్పలేరన్నాడు. ఆ జవాబును ఆయన బతికినన్నాళ్ళూ మోశాడు. అవునని చెప్పి ఉంటే ఏడ్చి ఊరుకునేవాడు. కాదని చెప్పి ఉంటే నిద్రపోయేవాడు.

ఆ మరునాడు నేను బడి నుంచి వచ్చేసరికి మా అరుగు మీద కూర్చొని ఉన్నాడు. చేతిలో పిల్లల పరీక్ష కాగితం. మూడు నెలల పరీక్ష కాగితాలు దిద్దడానికి సొరుగులో పెట్టుకున్నాడు, వాటి మీదే ఆ కడ్డీ ముక్కలు దొర్లుతున్నాయి. సొరుగు తీసినప్పుడూ వేసినప్పుడూ ముక్కలు కాగితం మీద జరిగి, పెన్సిలుతో గీసినట్టు బూడిదరంగు గీతలు పడ్డాయి.

"తగరమైతే ఇట్లా గీత పడదు టీచరమ్మా. సీసం శానా ఉంటేనే పడేది. మాటేసే కడ్డీనే గిన్నెలకు పోసినాడు. కారే బిందెకు అది మంచిదే, పులుసు గిన్నెకు కాదు" అన్నాడు.

"మరి మీ రాయి?" అన్నాను నేను.

"తగరానికీ పట్టదు, సీసానికీ పట్టదు. ఆ సంగతి పిల్లోళ్ళకు ఏటా చెప్తానే ఉండా. నాకు నేను చెప్పుకోలే."

నేను లోపలికి పోయి నా తపేలా తెచ్చి ఆయన ముందు గట్టిగా పెట్టాను. నాకు ఆయన మీద కోపం వచ్చింది, దాచుకోలేదు. ఆయన ఒక తెల్లకాగితం ముక్కతో లోపల రుద్దాడు. కాగితం నల్లబడింది. దాన్ని మడిచి జేబులో పెట్టుకొని, ఇంకో ఇంటికి పోతానని లేచాడు.

కళాయి పోసే ముసలాయన్ను కూడా పాణ్యం పోయి వెతికి పట్టుకున్నాడు. దెబ్బలాడటానికే పోయాడు. తీరా చూస్తే ఆ ముసలాయన గుడిసెలో పొయ్యి మీద కూడా అదే కళాయి తపేలా. చేతులు వణుకుతున్నాయి, కడుపునొప్పి ఎన్నో ఏళ్ళుగా ఉందట. తగరం దొరకడం కష్టమై, వాళ్ళ నాయన కాలం నుంచి సీసం కలిపి పోస్తున్నారట. సారు ఆ గుడిసెలో కూర్చొని, ఆయన పెట్టిన మజ్జిగ తాగకుండా మర్యాదగా తప్పించుకొని, సంగతంతా చెప్పి వచ్చాడు. దెబ్బలాడటానికి ఎవరూ మిగల్లేదని నాతో అన్నాడు.

ఆ తర్వాత మొదలైంది ఆయన తిరుగుడు. బడి అయ్యాక, ఆదివారం ఆరాధన అయ్యాక, చేతిలో తెల్లకాగితాలు పెట్టుకొని ఇల్లిల్లూ తిరిగేవాడు. "తప్పు చెప్పినానమ్మా. ఆ గిన్నెలో వండొద్దండి" అని మొదలుపెట్టేవాడు. జనం ఆయన్ను కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, భార్య ఆరోగ్యం అడిగి, జాలిపడి పంపించేవాళ్ళు. గిన్నె మాత్రం మార్చేవాళ్ళు కాదు. భార్యకు బాగోలేక సారుకు మతి చలించిందని బావి దగ్గర మాట్లాడుకునేవాళ్ళు. ఆయనేమో ఆ కాగితం పరీక్ష చేసి, "దీన్ని కూడా పూర్తిగా నమ్మొద్దు, రొంత సీసముంటే గీత పడకపోవచ్చు" అని నిజాయితీగా చెప్పేవాడు. తానే నమ్మొద్దనే పరీక్షను ఇంకొకరు ఎందుకు నమ్ముతారు? రాయి అలా కాదు. పట్టిందో పట్టలేదో సంతలో ఉన్నవాళ్ళందరికీ ఒక్కసారే కనిపించేది. చూసి చూసి నాకే విసుగొచ్చి, ఊరుకోండి సారూ, చెప్పాల్సింది చెప్పారు కదా అన్నాను. "మంచిదని చెప్పినప్పుడు అందరూ విన్యారు గదా" అన్నాడు.

ఆయన బాధంతా పెద్ద ఇంటి మీద పెట్టుకున్నాడు. అవ్వ కోడలికి అప్పుడు అయిదో నెలో ఆరో నెలో. ఆ ఇంట్లో రోజూ పులుసు కాగేది పెద్ద ఇత్తడి తపేలాలో. రోజూ సాయంత్రం ఆయన ఆ ఇంటి అరుగు మీద కూర్చునేవాడు. ఆ అరుగు దాటి లోపలికి ఆయన్ను ఎవరూ ఎప్పుడూ పిలవలేదు, ఆయనా పోలేదు. "గిన్నె మార్చినావా అవ్వా?" అని అడిగేవాడు. మార్చలేదని చెప్పేది. లేచి వచ్చేవాడు. మరుసటి సాయంత్రం మళ్ళీ పోయేవాడు. కొన్నాళ్ళకు అవ్వ ఆయన కనబడగానే తలుపు చేరవేయడం మొదలుపెట్టింది. అయినా ఆయన కాసేపు కూర్చొని వచ్చేవాడు. ఆ మనిషిలో ఓపిక చచ్చిపోయి, అడుగులు మాత్రం అలవాటుగా అటు పడుతున్నట్టుండేది.

ఒక సాయంత్రం ఆయన వెంట భార్య కూడా బయల్దేరింది. ఇంకా సరిగా కోలుకోలేదు, గోడలు పట్టుకొని నడుస్తున్నది. ఆమెకు తోడుగా నేనూ పోయాను. అవ్వ తలుపు దగ్గరే ఉంది. సారు అలవాటు ప్రకారం అరుగు మీద కూర్చున్నాడు. ఆయన భార్య కూర్చోలేదు. ఎవరినీ అడగకుండా గడప దాటింది, వసారా దాటింది, నేరుగా వంటింటి గుమ్మం దగ్గరికి పోయి అక్కడ చతికిలబడింది. వీధిలో వాళ్ళు నిలబడిపోయారు. అవ్వ తలుపు వదిలి ఆమె వెనకే నడిచింది.

కోడలు పొయ్యి ముందు ఉంది. తపేలాలో పులుసు కుతకుతమంటోంది. సారు భార్య ఆ పిల్లను దగ్గరికి రమ్మని, తన పై పెదవి వేళ్ళతో పైకెత్తి చూపించింది.

"ఈ గీత సూడు పాపా. మా ఆయన మంచిదన్న గిన్నెలోనే నేను తింటి. నా కడుపున రెండు నిలవకపాయె. దీనివల్లనేనా అంటే డాక్టరు కూడా చెప్పలేకపాయె. నువ్వు మాత్రం తినొద్దు."

అవ్వ వచ్చి తన కళ్ళతో ఆ గీత చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత పులుసును పెరట్లో పారబోసి, తపేలా తోమి, తడి తుడిచి, తానే అరుగు మీదికి మోసుకొచ్చి సారు ముందు పెట్టింది.

"తీసకపో అయ్యోరూ. ఒక్కటి మాత్రం చెయ్. నా కండ్ల ముందర ఆ రాయి ఒకసారి పెట్టు" అన్నది.

ఎందుకు అడిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. అన్నేళ్ళు నమ్మిన దాన్ని చివరిసారి చూసుకోవాలనిపించిందేమో. సారు జేబులోంచి రాయి తీశాడు. తల పక్కకు వంచలేదు, నెమ్మదిగా పోనివ్వలేదు. గిన్నె లోపల ఆనించి వదిలేశాడు. అది జారి అడుగున పడి మోగింది. "పట్టిందా" అని ఆయన అడగలేదు. ఎదుటింటి పిల్లలెవరో మాత్రం అలవాటు కొద్దీ "పట్టలే సార్" అన్నారు. ఆ మాటకు ఆయన అక్కడే, అందరి ముందు, మోకాళ్ళ మీద తల పెట్టుకొని ఏడ్చాడు. అవ్వ ఆయన పక్కన అరుగు మీద కూర్చున్నది. వీధిలో మిగతా ఇళ్ళవాళ్ళు ఆ వారంలోనే గిన్నెలు మార్చారు. ఆయన కాగితాలన్నీ చేయలేని పని అవ్వ తపేలా గడప దాటడంతో అయిపోయింది.

తర్వాత కొన్నాళ్ళకు స్టీలు వచ్చింది. ఇత్తడి సామానంతా అటకెక్కింది, కళాయి పోసేవాళ్ళు రావడం మానేశారు. మంచి స్టీలుకు సూదంటురాయి పట్టదని ఎవరో చెప్పగా, ఆడవాళ్ళు మళ్ళీ గిన్నెలు పట్టుకొని ఆయన ఇంటి ముందు వరస కట్టారు. ఆయన రాయి ఎక్కడో పెట్టి మరిచిపోయానని చెప్పేవాడు. అబద్ధం చెప్పడం రాని మనిషి, దొరికిపోయేవాడు. అప్పుడు గంటసేపు నిలబెట్టి, రాయి ఏమి చెప్పగలదో, ఏమి చెప్పలేదో వివరించేవాడు. జనం అలిసిపోయి వెళ్ళిపోయేవాళ్ళు. ఆయనా అలిసిపోయేవాడు. ఊళ్ళో అందరూ ఒకరినొకరు "ఏం కూర?" అని పలకరించుకుంటే, ఈయన మాత్రం "యా గిన్నెలో వండుతాండావ్?" అని పలకరించేవాడు. నాకు నంద్యాలకు బదిలీ అయ్యాక, ఎప్పుడైనా బస్టాండులో కనబడితే, ఎలా ఉన్నావని అడగడానికి ముందు ఆ మాటే అడిగేవాడు. నేను విసుగ్గా జవాబు చెప్పేదాన్ని. మళ్ళీ ఒక్కసారి అడిగితే బాగుండునని ఇప్పుడనిపిస్తోంది.

కొట్టు మెట్ల మీది నుంచి లేచి ఇంటికి పోలేదు. ఆళ్ళగడ్డ బస్సెక్కాను.

సారు భార్య పెరట్లో ఉంది. జుట్టు బాగా నెరిసింది. నన్ను చూసి, కూర్చోమని కూడా అనకముందే, "యా గిన్నెలో వండుతాండావ్ టీచరమ్మా?" అన్నది. ఇద్దరం నవ్వుకున్నాం, కాసేపటికి ఇద్దరికీ కళ్ళు తడిశాయి. గోడవారన అవ్వ ఇచ్చిన ఇత్తడి తపేలా ఉంది. నిండా మట్టి, అందులో కనకాంబరాలు విరగబూసి ఉన్నాయి. అవి కోసుకొని ఆదివారం పొద్దున సమాధి దగ్గరికి పోతుందట.

"కొత్తిమీర యేసుకుంటానంటే సచ్చేదాకా ఒప్పుకోలే. పూలకైతే సరే అన్యాడు. ఆ తపేలాలో పోసిన మట్టి మీద కూడా నమ్మకం ల్యా ఆయనకు" అన్నది.

అంతలో దొడ్డి వాకిలి తోసుకొని పెద్ద ఇంటి అవ్వ మనవరాలు వచ్చింది. ఆనాడు కోడలి కడుపున ఉన్న పిల్ల. బారెడు జడ, మోకాళ్ళ దాకా దుమ్ము, నోరు ఒక్క క్షణం ఊరుకోవడం లేదు. ఆమె పూలు తుంచి, వేళ్ళతోనే కట్టి, ఆ పిల్లను ముందు కూర్చోబెట్టుకొని జడలో పెట్టింది. సమాధికి మిగలవేమోనని నేనన్నాను.

"సమాధికేముందిలే" అని ఆమె తపేలాలో మిగిలిన పూలు కూడా తుంచి, ఆ పిల్ల జడలోనే పెట్టింది.